టర్బోకు ముందా, తర్వాతా: లారీ ఇంజన్‌కు ఎగ్జాస్ట్ వేడి చూపే సెన్సర్ బిగించడం

మీరు అడిగినదాన్ని ముందుగా కుదించి చెబుతాను, ఎందుకంటే జవాబంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. మీది 2013 మోడల్ పది టైర్ల లారీ. ఇంజన్ బీఎస్ 3 (పొగ కాలుష్య ప్రమాణం), ఆరు సిలిండర్లు, టర్బో (పొగ శక్తితో తిరిగి ఇంజన్‌కు గాలి ఎక్కించేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), పాత పద్ధతి డీజిల్ పంపు. వాడపల్లిలో సిమెంటు ఎత్తి మిర్యాలగూడ, హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకు తోలుతున్నారు. పోయిన ఎండాకాలంలో ఒక పిస్టన్ తల కరిగి ఇంజన్ విప్పవలసి వచ్చింది గనుక, ఈసారి ముందే తెలిసేలా ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు పెట్టుకోవాలనుకుంటున్నారు. మీ మెకానిక్ టర్బో తర్వాతి పైపుకు వెల్డింగ్ చేసి పెడదామంటున్నారు. సెన్సర్ అమ్మినవారు వైరు క్యాబిన్ దాకా చాలకపోతే మామూలు వైరు అతికించుకొమ్మన్నారు. ఎన్ని డిగ్రీల దగ్గర జాగ్రత్త పడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మీ తమ్ముడి బీఎస్ 6 టిప్పర్‌లో ఇదే సెన్సర్ పేరుతో లైటు వెలుగుతోందని కూడా రాశారు. అది వేరే వ్యవహారం, దాన్ని చివర్లో చూద్దాం.

సూటిగా చెప్పాలంటే, సెన్సర్‌ను టర్బోకు ముందు, మ్యానిఫోల్డ్‌లోనే (సిలిండర్ల పొగను టర్బో దాకా చేర్చే బీడు గొట్టంలోనే) పెట్టండి. దాని వైరును రాగి వైరుతో పొడిగించకండి. మిగిలిన పనిలో చిన్నాచితకా తేడాలు వచ్చినా సర్దుకోవచ్చు గానీ, ఈ రెండింటిలో ఏది తప్పినా మీటరు తక్కువ అంకె చూపించి మీకు లేని ధైర్యం ఇస్తుంది, అది మీటరు లేకపోవడం కంటే ప్రమాదం.

డీజిల్ ఇంజన్‌లో ఈ కొలత ఎందుకు అంత ముఖ్యమో ఒక మాట చెప్పుకోవాలి. డీజిల్ ఇంజన్‌కు గాలి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మనం రేస్ ఇచ్చినప్పుడు పెరిగేది డీజిలే. ఉన్న గాలికి డీజిల్ ఎంత ఎక్కువైతే పొగ అంత వేడెక్కుతుంది. గాలి తగ్గినా ఫలితం అదే. డ్యాష్‌బోర్డు మీద ఉన్న నీటి వేడి ముల్లు ఈ సంగతి చెప్పదు, ఎందుకంటే రేడియేటర్ బాగా పనిచేస్తున్న బండిలో నీళ్ళు తొంభై దగ్గరే నిలకడగా ఉండగా పిస్టన్ తల మాత్రం కొన్ని నిమిషాల్లోనే హద్దు దాటగలదు. పిస్టన్‌లో వాడే అల్యూమినియం మిశ్రమం 600 డిగ్రీలు చేరకముందే కరగడం మొదలవుతుంది. అయినా 600 డిగ్రీల పొగతో ఇంజన్లు రోజూ నడుస్తున్నాయంటే, ప్రతి చుట్టులోనూ చల్లటి గాలి లోపలికి రావడం, కింది నుంచి ఆయిల్ చిమ్మడం, రింగుల ద్వారా వేడి లైనర్‌కు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టానికి) పోవడం వల్ల పిస్టన్ తల ఆ పొగంత వేడి ఎక్కకుండా ఉంటుంది. పొగ వేడి హద్దు దాటి అలాగే నిలిచిపోతే ఈ చల్లార్పు సరిపోదు. మీ ఇంజన్‌లో జరిగింది బహుశా ఇదే, లేదా డీజిల్ చిమ్మే నాజిల్ ఒకటి కారుతూ ఆ ఒక్క సిలిండర్‌నే కాల్చి ఉండవచ్చు. రెండో కారణమే అయితే మీటరు దాన్ని అంత తేలిగ్గా పట్టించదు. ఒక సిలిండర్‌లో పెరిగిన వేడి మిగిలిన సిలిండర్ల పొగలో కలిసి పలచబడిపోతుంది. కాబట్టి మీటరు పెట్టాం గదా అని నాజిల్స్ పరీక్ష మానుకోవద్దు.

ఇక చోటు సంగతి. టర్బో తిరిగేది పొగలోని శక్తితోనే గనుక, దాని రోటర్ (పొగకు తిరిగే రెక్కల చక్రం) దాటి బయటికి వచ్చేసరికి పొగ చల్లబడుతుంది. బండి ఖాళీగా నెమ్మదిగా పోతున్నప్పుడు ఈ తేడా చాలా తక్కువ. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు 100 నుంచి 200 డిగ్రీల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. పైపులో వచ్చిన అంకెకు 150 కలుపుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. తేడా స్థిరంగా ఉంటే ఆ లెక్క చెల్లేది. అది బరువును బట్టి, టర్బో వేగాన్ని బట్టి మారుతూ ఉంటుంది, పైగా మనకు కొలత అత్యవసరమైన క్షణంలోనే అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. మీ మెకానిక్ పైపు వైపు మొగ్గడానికి కారణం నాకు అర్థమవుతుంది: మ్యానిఫోల్డ్ బీడు పోత, వెల్డింగ్‌కు లొంగదు, బొక్క వేస్తే పగులుతుందేమోనని భయం; పైగా సెన్సర్ కొన విరిగితే నేరుగా రోటర్‌లోకి పోతుందన్న భయం కూడా ఉంది. రెండు భయాలూ నిరాధారం కావు గానీ, సరైన సెన్సర్ కొని, తొందరపడకుండా బొక్క వేస్తే రెండూ తీరిపోతాయి.

ఆరు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి మ్యానిఫోల్డ్ లోపల రెండు దారులు ఉంటాయి. ముందరి మూడు సిలిండర్ల పొగ ఒక దారిలో, వెనుక మూడింటి పొగ మరో దారిలో వచ్చి టర్బో నోటి దగ్గర కూడా విడివిడిగానే లోపలికి పోతాయి. టర్బో విప్పి మ్యానిఫోల్డ్ మూతిలోకి చూస్తే మధ్యలో అడ్డుగోడ కనిపిస్తుంది. సెన్సర్‌ను ఈ రెండిట్లో ఒక దారిలో, మూడు సిలిండర్ల పొగ కలిసిన తర్వాత, టర్బో ఫ్లాంజ్‌కు (టర్బో బిగించే ముఖానికి) కాస్త ముందు పెట్టాలి. ఒకే సిలిండర్ నుంచి వచ్చే కొమ్మలో పెడితే ఆ సిలిండర్ కథ ఒక్కటే తెలుస్తుంది. అడ్డుగోడ ఎదురుగా బొక్క పడితే కొన పోవడానికి చోటే ఉండదు. ముందరి దారా, వెనుక దారా అన్నదాని మీద జరిగే వాదనలకు నేను పెద్ద విలువ ఇవ్వను. డ్రిల్లు నిటారుగా పట్టడానికి, తర్వాత పానా తిప్పడానికి ఏది వీలుగా ఉంటే అదే మంచిది. కొన్ని మ్యానిఫోల్డ్‌లకు పోత పోసేటప్పుడే దళసరిగా గుండ్రటి ఉబ్బు ఒకటి వదిలి ఉంటారు. అది సరైన చోట ఉంటే దాన్నే వాడుకోండి. లేకపోతే చదునుగా, దళసరిగా ఉన్న చోటు చూసుకోండి. మ్యానిఫోల్డ్‌ను ఇంజన్ హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్డులకు దగ్గరగా, మూల మలుపుల మీద, పాత పగులు గీత కనిపించిన చోట మాత్రం వద్దు.

సెన్సర్ కొన పొగ దారి మధ్యకు రావాలి. గోడ పక్కనే ఆగిపోతే అది గోడ వేడిని కలుపుకొని చెబుతుంది, బస్తా పైపొర గింజలు పిడికిట్లో తీసుకుని వడ్ల తేమ తేల్చినట్టే అవుతుంది. దారి వెడల్పు నలభై మిల్లీమీటర్లు ఉంటే కొన పదిహేను నుంచి ఇరవై మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. లోతు సవరించుకోవడానికి వీలైన, నట్టు బిగించగానే లోపలి రింగు నొక్కుకుని సెన్సర్‌ను పట్టేసే రకం ఫిట్టింగ్ కొనండి. ఆ రింగు ఒకసారి పట్టిందంటే మళ్ళీ కదలదు గనుక, మొదట చేత్తో బిగించి లోతు కొలిచి, కడ్డీ మీద గుర్తు పెట్టుకున్నాకే పానా వేయాలి.

సెన్సర్ రకం కే టైప్ థర్మోకపుల్, అంటే రెండు వేర్వేరు లోహపు తీగల జంటతో వేడి కొలిచేది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్ల దగ్గర, డ్రైయర్ల దగ్గర వాడేవి కూడా చాలావరకు ఇవే గనుక, మిల్లు సామాన్లు అమ్మే దుకాణాల్లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ దొరుకుతాయి. అయితే మిల్లు కోసం చేసిన లావుపాటి కడ్డీని లారీకి తేవద్దు. అది వేడెక్కడానికే చాలా సేపు తీసుకుంటుంది, అప్పటికి మీరు ఎత్తు ఎక్కేసి ఉంటారు. కడ్డీ మందం మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉండాలి, పై తొడుగు ఇన్‌కొనెల్ (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమం) అయితే మేలు, కొన మూసి ఉండాలి. కొన బయటికి కనిపించే రకం త్వరగా స్పందిస్తుంది గానీ టర్బోకు ముందు దాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. లోపలి తీగల జంట తొడుగుకు అంటని రకం అడగండి. దుకాణంలోనే మల్టీమీటరుతో ఒక మొన తొడుగుకు, ఒక మొన వైరుకు పెడితే కనెక్షన్ చూపించకూడదు. తొడుగుకు అంటిన రకమైతే ఇంజన్ బాడీ ఎర్త్ దాని ద్వారా మీటరులోకి పోయి, సెల్ఫ్ కొట్టినప్పుడు, లైట్లు వేసినప్పుడు అంకెలు గెంతుతాయి.

బొక్క వేసే పనిని ఇంజన్ మీద ఉండగానే ముగించేవారు ఉన్నారు. డ్రిల్లుకు గ్రీజు పూసి, కొంచెం కొంచెంగా తొలుస్తూ, చివరి పొర దాటేటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి రజను పొగతో బయటికి తన్నేలా చేస్తారు. ఆ రజను తన్నుకొచ్చేది పనిచేసేవారి కళ్ళ మీదికి, తన్నుకు రానిది పోయేది రోటర్‌లోకి. నిండు వేగంలో నిమిషానికి లక్ష చుట్ల దరిదాపుల్లో తిరిగే రోటర్ రెక్కకు బీడు రజను గీటు పెడితే బ్యాలెన్స్ పోతుంది, ఆ ఖర్చు మ్యానిఫోల్డ్ విప్పే కూలికి ఎన్నో రెట్లు. మీ ఇంజన్ ఇప్పటికే పాతది గనుక మ్యానిఫోల్డ్ విప్పించడమే నా సలహా. ముందు రోజు సాయంత్రమే స్టడ్డులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి, మర్నాడు నట్లు బెట్టు చేస్తే బలవంతం చేయకుండా కాస్త వేడి పెట్టి తీయించండి. విరిగిన స్టడ్డును హెడ్డులోంచి తీయడం ఈ పని మొత్తానికి మించిన పని. గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. మ్యానిఫోల్డ్ చేతికి వచ్చింది గనుక పోర్టుల మధ్య పగుళ్ళు ఉన్నాయేమో, ముఖం వంగిందేమో లేత్ షాపులో స్కేలు పెట్టి చూపించుకోవచ్చు. పిస్టన్ కరిగిన ఇంజన్‌కు ఇది ఎలాగూ చేయించవలసిందే.

ఏ కారణం చేతనైనా మ్యానిఫోల్డ్ విప్పలేకపోతే, కనీసం టర్బోనైనా దించండి. అప్పుడు మ్యానిఫోల్డ్ మూతి తెరుచుకుంటుంది. దారిలో గ్రీజు పూసిన గుడ్డ ఒకటి వెనక్కి కుక్కి, బొక్క వేశాక గుడ్డతో పాటు రజను లాగేసి, మిగిలినదాన్ని పొడుగాటి అయస్కాంతంతో తీసి, చివరగా గాలి కొట్టవచ్చు. గుడ్డ బయటికి తీశామని ఇద్దరు చూసుకున్నాకే టర్బో ఎక్కించాలి.

డ్రిల్లు వేసేటప్పుడు పంచ్‌తో గుర్తు కొట్టి, మొదట సన్నటి మూడు మిల్లీమీటర్ల బిట్టుతో దారి చేసి, తర్వాత పెంచుకుంటూ పోవాలి. బీడు మెత్తగానే తొలుచుకుంటుంది, బలం పెట్టి నొక్కవలసిన అవసరం లేదు. చివరి పొర తెగేటప్పుడు నొక్కితే బిట్టు పట్టేసి లోపలి అంచు చిట్లుతుంది. 1/8 అంగుళం ఎన్‌పీటీ (అమెరికా పైపు మర కొలత) మర అయితే చివరి బిట్టు 8.6 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బయటి దేశాల నుంచి వచ్చే సెన్సర్ ఫిట్టింగులు ఎక్కువగా ఎన్‌పీటీ మరతో ఉంటాయి, మన లేత్ షాపుల్లో సులువుగా దొరికే ట్యాపులు (మర కోసే పనిముట్లు) బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర కొలతవి. 1/8 సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, బీఎస్‌పీకి 28. మర కోణం కూడా ఒకదానికి 60 డిగ్రీలు, ఇంకోదానికి 55. సైజు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతాయి, ఆ తర్వాత బిగుసుకుంటే సరిగ్గా కూర్చుందని అనుకుంటారు. నిజానికి మరలు నలిగి ఉంటాయి, వేడికి వదులై పొగ కారడం మొదలవుతుంది. ట్యాపును, ఫిట్టింగును ఒకేచోట కొని, ఒకదాని మరలో ఇంకోదాని మర ఆనించి వెలుతురుకు పెట్టి చూడండి.

ఇది కోసుగా పోయే మర గనుక ట్యాపును చివరి దాకా దించకూడదు. కొన్ని చుట్లు వేయండి, ట్యాపు తీయండి, రజను తుడవండి, ఫిట్టింగ్ పెట్టి చూడండి. చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కి ఆగితే చాలు, మిగిలింది పానా చూసుకుంటుంది. ట్యాపు మరీ లోతుకు దిగితే ఫిట్టింగ్ లొడుక్కుమని దిగిపోయి ఎక్కడా పట్టదు. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, ఆ వేడికి అది కాలిపోతుంది. నికెల్ కలిపిన యాంటీసీజ్ పేస్టు మర మీద పలచగా పూయండి, సెన్సర్ కొనకు అంటనివ్వకండి. అది పూయకపోతే రెండేళ్ళ తర్వాత సెన్సర్ మార్చవలసి వచ్చినప్పుడు ఫిట్టింగ్ బీడుతో ఏకమై ఉంటుంది.

వైరు గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే బిగించినవన్నీ బాగుండి కూడా తప్పు అంకె చూపించే బండ్లలో ఎక్కువగా దొరికే దోషం ఇదే. రెండు వేర్వేరు లోహపు తీగలను ఒక కొనలో కలిపి వేడి చేస్తే రెండో కొనలో వోల్టేజీ పుడుతుందని 1821లో జర్మనీ శాస్త్రవేత్త సీబెక్ కనిపెట్టిన సూత్రం మీద థర్మోకపుల్ పనిచేస్తుంది. కే టైప్‌లో ఒక తీగ నికెల్–క్రోమియం, ఇంకోటి నికెల్–అల్యూమినియం. ఇది ఇచ్చేది డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు మాత్రమే. 650 డిగ్రీల దగ్గర కూడా మొత్తం 27 మిల్లీవోల్టులు. పైగా అది కొలిచేది కొనకూ మీటరుకూ మధ్య ఉన్న తేడాను. మీటరు తన దగ్గరి వేడిని సొంతంగా కొలిచి ఆ తేడాకు కలిపి మనకు చూపిస్తుంది. ఇప్పుడు మీరు ఇంజన్ దగ్గరే ఆ తీగలకు రాగి వైరు అతికించారనుకుందాం. అతుకు దగ్గర 90 డిగ్రీలు, క్యాబిన్‌లో మీటరు దగ్గర 40 డిగ్రీలు. థర్మోకపుల్ అతుకు దగ్గరే ముగిసిపోయింది గనుక మీటరు కలపవలసింది 90, కలిపేది 40. అంటే 50 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. నిజంగా 700 ఉన్నప్పుడు మీకు 650 కనిపిస్తుంది, మధ్యాహ్నం బోనెట్ కింద వేడి పెరిగినకొద్దీ ఈ తప్పు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి పొడిగింపు వైరు కూడా కే టైప్‌దే కావాలి. కనెక్టర్లు కూడా అదే రకానివి దొరుకుతాయి. ధన ఋణాలు చూసుకోవడంలో ఎరుపు రంగు మోసం చేస్తుంది. అమెరికా పద్ధతిలో పసుపు ధనం, ఎరుపు ఋణం; అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ ధనం, తెలుపు ఋణం. మన ఎలక్ట్రీషియన్లు అలవాటు చొప్పున ఎరుపును ధనానికి బిగిస్తారు. రంగులు నమ్మలేని చోట చిన్న అయస్కాంతం పెట్టి చూడండి: మామూలు వేడి దగ్గర ఋణ తీగ దానికి అంటుతుంది, ధన తీగ అంటదు. ఒక్క చోట తారుమారైతే కొన వేడి చేసినకొద్దీ అంకె కిందికి దిగుతుంది గనుక వెంటనే తెలిసిపోతుంది. అతుకు దగ్గర ఒకసారి, మీటరు దగ్గర ఇంకోసారి, రెండు చోట్లా తారుమారైతేనే ప్రమాదం. అప్పుడు అంకె మామూలుగానే పెరుగుతుంది, కానీ అతుకు వేడికీ మీటరు వేడికీ ఉన్న తేడాకు రెట్టింపు తక్కువ చూపిస్తుంది.

వైరు దారి ఎంచుకునేటప్పుడు డైనమో, సెల్ఫ్ కేబుళ్ళ పక్కన కట్టవద్దు. మ్యానిఫోల్డ్ దగ్గరి భాగానికి ఫైబర్ గ్లాస్ స్లీవు వేయండి. సెన్సర్ నుంచి బయటికి వచ్చాక ఒక చిన్న వంపు వదిలి, ఇంజన్ మీదే ఒక క్లిప్పు వేసి, అక్కడి నుంచి క్యాబిన్‌కు పోయేటప్పుడు ఇంకో వంపు వదలండి. ఇంజన్ ఊగేది వేరు, క్యాబిన్ ఊగేది వేరు, బిగుతుగా లాగిన వైరు మన గుంతల రోడ్ల మీద ఎక్కువ కాలం ఉండదు. మిగిలిన వైరును కత్తిరించవలసిన పని లేదు, చుట్టి డ్యాష్‌బోర్డు వెనుక కట్టేయండి.

మీటరుకు కరెంటు ఇచ్చేటప్పుడు లారీ 24 వోల్టులదని మరవకండి. కార్ల కోసం చేసిన 12 వోల్టుల మీటరు చవకగా దొరికిందని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి వైరు లాగడం చాలా చోట్ల చూస్తాం. ఆ ఒక్క బ్యాటరీ తరిగిపోతూ ఉంటుంది, రెండోది అవసరానికి మించి ఛార్జ్ అవుతూ ఉంటుంది, చివరికి రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ వాడండి, లేదా 24 వోల్టుల మీటరే కొనండి. మిల్లు రకం డిజిటల్ మీటరు కొంటే అది ఎక్కువగా 230 వోల్టులకు చేసి ఉంటుంది, డీసీ 24 అని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బండిలో 28 వోల్టుల దాకా ఉంటుంది గనుక ఆ మేరకు తట్టుకుంటుందో లేదో కూడా అడగండి. తాళం చెవి తిప్పినప్పుడే వచ్చే లైను నుంచి, చిన్న ఫ్యూజు వేసి ఇవ్వండి.

మ్యానిఫోల్డ్‌కు బిగించే ముందే మొత్తం అమర్చి పరీక్షించుకోండి. మంచు ముక్కలు కలిపిన నీళ్ళలో సున్నా దగ్గర, మరుగుతున్న నీళ్ళలో నూటికి కాస్త తక్కువ చూపించాలి. జడ్చర్ల దగ్గరి మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది గనుక అక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రెండు మూడు డిగ్రీల తేడా ఈ సెన్సర్లకు సహజం. అంతకు మించి ఉంటే ముందు అతుకులే చూడండి. ఒక మాట: లేజర్ చుక్క పడే చేతి తుపాకీతో మ్యానిఫోల్డ్ మీద కొట్టి మీటరుతో పోల్చవద్దు, అది చూపేది లోహం పై పొర వేడి, పొగది కాదు. ఆ తుపాకీ వేరే పనికి ఉపయోగపడుతుంది: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఒక్కో కొమ్మ మీద కొడితే, సరిగ్గా మండని సిలిండర్ కొమ్మ మిగిలినవాటికంటే చల్లగా దొరికిపోతుంది.

ఇప్పుడు అంకెలు. మీ ఇంజన్ పుస్తకంలో హద్దు రాసి ఉంటే అదే ప్రమాణం. లేకపోతే టర్బోకు ముందు కొలిచినప్పుడు, ఈ తరహా ఇంజన్లకు నిలకడగా 650 దాటనివ్వకపోవడం క్షేమం. 675 దాటి నిలవనివ్వకూడదు. 700 కనిపించిందంటే వెంటనే కాలు తీయాలి. బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు 150 అటూ ఇటూ, చదును రోడ్డు మీద బరువుతో 400 నుంచి 500 దాకా ఉండటం సాధారణం. ఎత్తులో అంకె పెరుగుతున్నప్పుడు అదే గేరులో ఇంకా తొక్కితే వేడి ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే చుట్లు తక్కువగా ఉన్నప్పుడు టర్బో తగినంత గాలి ఇవ్వలేదు. ఒక గేరు దించి చుట్లు పెంచితే గాలి పెరిగి అంకె దిగడం మీ కళ్ళతోనే చూస్తారు. గేరు దించితే డీజిల్ ఎక్కువ తాగుతుందని మన డ్రైవర్లకు ఉన్న పట్టుదల ఈ మీటరు పెట్టాక చాలావరకు తగ్గుతుంది. బండి ఆపేటప్పుడు కూడా అంకె 200 కిందికి దిగేదాకా ఇంజన్‌ను మెల్లగా నడవనిచ్చి ఆపండి, లేకపోతే టర్బో బేరింగుల్లో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

మొదటి రోజుల్లోనే ఒక అలవాటు చేసుకోండి. మీరు రోజూ పోయే దారిలో తెలిసిన ఎత్తు ఒకటి ఎంచుకుని, నిండు బరువుతో, ఒకే గేరులో, ఎంత చూపిస్తుందో, ఆ రోజు ఎండ ఎంత ఉందో పుస్తకంలో రాసి పెట్టండి. నల్లగొండ ఎండల్లో గాలి 44, 45 డిగ్రీలకు పోయిన రోజున అంకె శీతాకాలం కంటే కొంత ఎక్కువే ఉంటుంది, అది దోషం కాదు. అదే ఎత్తు, అదే బరువు, దాదాపు అదే ఎండ ఉండి కూడా 40, 50 డిగ్రీలు పెరిగాయంటే వెతకవలసినవి ఉన్నాయి. మొదట ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా, అక్కడి నుంచి ఇంజన్ దాకా ఉన్న గొట్టాల క్లిప్పులు, వాటి మీద ఆయిల్ మరకలు. సిమెంటు లోడింగ్ దగ్గర, వడ్ల సీజన్‌లో మిల్లుల దగ్గర నిలబడే బండ్లకు ఇంటర్‌కూలర్ ముఖం దుమ్ముతో, ఊకతో పూడుకుపోతుంది. రేడియేటర్ ముందు వైపు నుంచి శుభ్రంగా కనిపించినా మధ్యలో పేరుకుని ఉంటుంది. ఇవన్నీ బాగుంటే అప్పుడు నాజిల్స్, పంపు టైమింగ్, చివరగా టర్బో. పికప్ కోసం పంపులో డీజిల్ పెంచిన బండి అయితే ఆ పెంపును వెనక్కి తిప్పించడంతోనే వెతుకులాట మొదలుపెట్టాలి. మీ బండికి ఇంజన్ పని తర్వాత పంపును టెస్ట్ బెంచ్ మీద పెట్టించారో లేదో మీరు రాయలేదు, పెట్టించకపోతే సెన్సర్ కంటే ముందు ఆ పని చేయించండి.

మీ తమ్ముడి టిప్పర్ విషయంలో పైన చెప్పినదేదీ చేయకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లకు సైలెన్సర్ డబ్బాలోనే పొగను శుభ్రం చేసే భాగాలు, వాటి ముందు వెనుకల ఉష్ణోగ్రత సెన్సర్లు కంపెనీ నుంచే ఉంటాయి. మసి ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయాలా వద్దా, యూరియా ద్రావణం ఎప్పుడు చల్లాలి అన్నది ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) వాటిని చూసే నిర్ణయిస్తుంది. ఒకటి పోతే లైటు వెలగడం, ఫిల్టర్ కాల్చడం ఆగిపోవడం, కొన్నాళ్ళకు బండి పికప్ తగ్గించేయడం వరుసగా జరుగుతాయి. అవి చాలావరకు వేడికి నిరోధం మారే రకం సెన్సర్లు, కే టైప్ వాటి స్థానంలో పనిచేయదు. పార్టు నంబరు చూసి అదే వేయాలి. అయితే కొనే ముందు ఒక ఉచిత పరీక్ష ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం తిప్పి స్కానర్‌లో ఆ సెన్సర్లన్నిటి విలువలూ చూడండి. అన్నీ బయటి గాలి వేడికి దగ్గరగా, ఒకదానికొకటి కొద్ది తేడాతో ఉండాలి. ఒక్కటే విడిగా ఎక్కడో ఉంటే దోషం దానిది, లేదా దాని వైరుది. అన్నీ సరిగ్గా ఉండి, ఇంజన్ వేడెక్కాక మాత్రమే వరుస తప్పుతుంటే, ఈమధ్య సైలెన్సర్ పని జరిగిందేమో అడగండి; పక్కపక్కన ఉన్న రెండు సెన్సర్ల ప్లగ్గులు ఒకదానిది ఇంకోదానికి పెట్టి ఉండవచ్చు.